మూడో డిస్కు మీద బొట్టు

నవంబరు 10, సోమవారం

మళ్ళీ ఆ పసుపు త్రికోణం వచ్చింది. స్టోరేజి ఆరోగ్యం: హెచ్చరిక. కిందటి వారం కూడా వచ్చింది. ‘పచ్చగా మార్చు’ అన్న మీట నొక్కితే పోయింది. ఇవాళ నొక్కితే పది నిమిషాలు పోయి మళ్ళీ వచ్చింది. మళ్ళీ నొక్కాను.

ఇవన్నీ సెన్సారు తిక్కలు. తుఫానుకి మూడు రోజులు జనరేటరు మీద నడిపినప్పటి నుంచి ఈ సర్వరు ప్రతిదానికీ మూలుగుతోంది. ఫ్యాను గట్టిగా తిరిగితే మూలుగు, బ్యాటరీ కాస్త దిగితే మూలుగు. దాని మెయిళ్ళు చదువుతూ కూర్చుంటే ఈ కంటాసుపత్రిలో నాకు వేరే పని చేసే తీరిక ఉండదు.

ఏం జరిగినా బ్యాకప్ ఉంది.

నవంబరు 11, మంగళవారం

పొద్దున పరీక్షల బొమ్మలు తెరుచుకోవడానికి రెండేసి నిమిషాలు పట్టింది. డాక్టరు నారాయణమూర్తి గారు రెండుసార్లు పిలిచారు. మొదటిసారి “ఏవండీ ఫిలిప్ గారూ, ఇదేంటండీ ఇవాళ ఇంత బద్ధకంగా ఉందీ” అని నవ్వారు. రెండోసారి నవ్వలేదు.

మధ్యాహ్నం భోజనాల వేళ రీస్టార్టు చేశాను. త్రికోణం పోయింది. నేను అన్నం తిని వచ్చేసరికి ఉంది.

గది ఊడవడానికి వచ్చిన ఆయా వీరాయమ్మ నా మొహం చూసి ఏమైందని అడిగింది. ఏం చెప్పను? ఇది ఒకటే డబ్బా అయినా లోపల మూడు కంప్యూటర్లు ఉన్నట్టు నడుస్తుంది, రోగుల చీటీలకు ఒకటి, మందుల కౌంటరుకి ఒకటి, పరీక్షల బొమ్మలకి ఒకటి అన్నాను. “ఆయ్, ఒకే ఇంట్లో మూడు వాటాలన్నమాటండి” అంది. ఇంత సూటిగా నేను ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేకపోయాను. “మరి పునాది ఒకటేనాండీ?” అని కూడా అడిగింది. పనుంది వెళ్ళమన్నాను.

సాయంత్రం రాజోలు నుంచి జ్ఞానమ్మ టీచరు గారు ఫోన్ చేశారు. మూడో తరగతిలో నాకు ఎక్కాలు నేర్పిన మనిషి. ఎడమ కన్ను నీటికాసులకి, అదే గ్లకోమాకి, ఎప్పుడో పోయింది. కుడి కన్నుకి తొమ్మిదేళ్ళుగా మా దగ్గరే పరీక్షలు. గిన్నెలాంటి దాంట్లోకి చూస్తూ చుక్క కనబడినప్పుడల్లా మీట నొక్కాలి. ఎంతమేర చూపు మిగిలిందో బొమ్మ వస్తుంది. ఇరవై నాలుగో తారీకున డాక్టరు గారు ఆ బొమ్మలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తారు. చూపు త్వరత్వరగా తరిగిపోతుంటే ఆపరేషను. నిలకడగా ఉంటే చుక్కల మందే. ఆపరేషనులో ఉన్న కాస్త చూపూ పోయే ప్రమాదం లేకపోలేదట. ఉన్న ఒక్క కంటికీ కత్తి పెట్టాలా వద్దా అన్నది ఆ బొమ్మలు చెప్పాలి.

“పాత కాగితాలేవీ నా దగ్గర లేవురా. మీరు కాగితాలు మానేసిన ఏడాది నువ్వే అన్నావు గదా, మొయ్యక్కర్లేదని. అన్నీ పొయ్యిలో పెట్టేసేను. ఫరవాలేదు కదా?” అని అడిగారు.

“ఏం ఫరవాలేదండీ, అన్నీ మా దగ్గర ఉన్నాయి” అన్నాను.

ఉన్నాయి కూడా.

నవంబరు 12, బుధవారం

రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా రాస్తాను, లేకపోతే ఎవరికో ఒకరికి చెప్పేస్తాను.

తెర మీద ఎంత వెతికినా తేలక, మోకాళ్ళ మీద కూర్చుని టార్చి వేసి సర్వరు మొహం చూశాను. వరసగా అయిదు డిస్కులు. ఒక్కోదానికి మిరియపు గింజంత లైటు. ఒక్కోదాని మీద గంధం, పసుపు, కుంకుమ కలిసిన బొట్టు. ఆయుధపూజ నాడు వీరాయమ్మ లేజరు మిషనుకి, ఏసీలకి, జనరేటరుకి, చివరికి బల్బుల పెట్టెకి కూడా పెట్టింది. సర్వరుకైతే ఒక్కో డిస్కుకి ఒక్కోటి, ప్రేమగా, బొటనవేలంత. నాలుగు బొట్లు లైటుకి పక్కన పడ్డాయి. మూడో డిస్కుది సరిగ్గా లైటు మీదే పడింది. ఏసీకి ఎండి పెచ్చు కట్టింది.

నెల రోజులకు పైగా చూస్తూనే ఉన్నాను. తుడవొచ్చు కదా అంటే తుడవొచ్చు. కానీ ఈ ఊళ్ళో బొట్టు నేను తుడిస్తే అది గుడ్డ పెట్టి తుడవడం కాదు. ‘ఫిలిప్ బొట్టు చెరిపేశాట్ట’ అవుతుంది. సాయంత్రానికి అది క్యాంటీను దాకా, మర్నాటికి బస్టాండు దాకా వెళ్తుంది. డాక్టరు గారు ఏమీ అనరు, ఆ ఏమీ అనకపోవడం ఇంకా కష్టం. అందుకని ఎవరో ఒకరు తుడుస్తారులే అని ఊరుకున్నాను.

ఇవాళ గోటితో గీరాను. కింద నారింజ రంగు లైటు. మిణుకు మిణుకు కూడా లేదు, నిలిచి వెలుగుతోంది. డిస్కు చచ్చిపోయింది.

అయిదింటిలో ఒకటి పోతే ఏమీ కాదు, మిగతా నాలుగూ దాని బరువు మోస్తాయి. రెండోది కూడా పోతే మొత్తం పోయినట్టే. మొదటి డిస్కు లైటు పచ్చగానే ఉంది గానీ, దాని ఆరోగ్యం లెక్క తీస్తే ‘త్వరలో విఫలం కావచ్చు’ అని వచ్చింది. పసుపు త్రికోణం ఇన్నాళ్ళూ అరుస్తున్నది దీని గురించేనన్నమాట.

మూడోది ఎప్పుడు పోయిందో తెలుసుకోవాలి. మెయిళ్ళు తెరిచాను. సర్వరు రోజూ పొద్దున ఆరింటికి నాకు ఒక మెయిలు పంపుతోంది. వాటిని ఇన్‌బాక్సులో కనబడకుండా ఒక ఫోల్డరులోకి తోసేసే ఏర్పాటు జూన్‌లో నేనే చేసుకున్నాను. ఫోల్డరు పేరు ‘తర్వాత’.

మొదటి మెయిలు అక్టోబరు ఆరున. మొత్తం ముప్పై ఎనిమిది.

బొట్టు అడ్డం లేకపోతే లైటు నా కంట పడేది కదా. పడేది.

హైదరాబాదులో డీలరుకి డిస్కు కోసం ఫోన్ చేశాను. శుక్రవారానికి బస్సులో వేస్తానన్నాడు.

నవంబరు 13, గురువారం

ముత్యాలరాజుకి ఫోన్ చేశాను. కాలేజీలో నా బెంచీ వాడు, ఇప్పుడు హైదరాబాదులో ఇలాంటి సర్వర్లు వందల్లో చూస్తున్నాడు.

“ఒరేయ్, కొత్త డిస్కు పెట్టగానే కంగారుపడి మొదలెట్టకు. అది నిండాలంటే మిగతా నాలుగూ మొదట్నుంచి చివరిదాకా చదవాలి. ఆ జబ్బుది అంత పరుగు తట్టుకోలేదు. ముందు ఆసుపత్రి పని ఒక రోజు ఆపించి, డేటా అంతా బయటికి తీసెయ్” అన్నాడు.

“బ్యాకప్ ఉందిరా” అన్నాను.

“ఎప్పుడు చూసేవు?”

సిగ్నలు సరిగా లేదని పెట్టేశాను.

నవంబరు 13, సాయంత్రం

చూశాను.

నవంబరు 14, శుక్రవారం, పొద్దున

బ్యాకప్ తీసుకునే పెట్టె మే నెలలో నిండిపోయింది. కొత్తది వచ్చేదాకా ఒక్క వారం అనుకుని బ్యాకప్‌ని ఇదే సర్వరులోకి మళ్ళించాను. ఆ వారం ఇంకా అవలేదు. వరదొస్తే పనికొస్తుందని దాచిన బియ్యం బస్తా తీసుకెళ్ళి ముందుగా మునిగే లంకలో పెట్టినట్టుంది నా తెలివి.

ఓపీ ఒక రోజు ఆపమని డాక్టరు గారిని అడగాలి. ఎందుకు అంటారు. ఎందుకో చెబితే, ఎప్పటినుంచి అంటారు. రేపు ఐ.పోలవరం వైపు వాళ్ళకి ఉచిత శిబిరం, మూడు వందల మంది వస్తారు. ఇప్పుడు ఆపమంటే ఎలా? కుదరదు. అడగడం అనవసరం.

జ్ఞానమ్మ గారివి మాత్రం ఒక్క పెన్‌డ్రైవులోకి తీసుకుందామని ఫోల్డరు దాకా వెళ్ళాను. పది నిమిషాల పని. తీస్తే ఏమిటి అర్థం? మిగతావన్నీ పోతాయని నేను ఒప్పుకున్నట్టే కదా. పైగా ఒక్కరివి తీసి మిగతా వేలమందివి వదిలెయ్యడం న్యాయమా? మూసేశాను. న్యాయం గురించి ఇంత బాగా ఆలోచించగలనని నాకే తెలియదు.

నవంబరు 14, సాయంత్రం

బస్టాండులో పార్సిలు తీసుకున్నాను. ఎవరూ చూడకుండా మూడోది లాగి, బొట్టు మరక ఉన్న దాని తొడుగులోనే కొత్తది బిగించి పెట్టాను. మీట నొక్కి నింపడం మొదలెట్టాను. 0 శాతం. అంచనా ముప్పై నాలుగు గంటలు.

ప్రార్థన చేశాను. ఏమని చేశానో రాయను.

నవంబరు 15, శనివారం

పదింటికి 29. పన్నెండింటికి 33. శిబిరం రద్దీకి నెమ్మదించింది.

క్యారేజీ తీసుకెళ్ళడానికి వచ్చిన నిర్మల దాన్ని విప్పి చూసి “ముట్టుకోనే లేదేంటి? ఎవరి మీద అలిగేరు?” అంది. పదిహేడేళ్ళ కాపురంలో నేను అన్నం మీద అలగలేదని దానికి తెలుసు. ఎండకి అన్నాను. నవంబరులో.

అయిదింటికి 48.

యాభై దాటితే గండం గడిచినట్టే.

యాభై రెండు.

నవంబరు 16, ఆదివారం

గుడిలో ఉండగా జేబులో ఫోను వణికింది. పాస్టరు గారు వాక్యం చదువుతున్నారు, నేను మోకాళ్ళ మీద ఉన్నాను. 71 శాతం దగ్గర మొదటి డిస్కు ఆగిపోయింది. మూడు వాటాలూ ఒకేసారి ఆరిపోయాయి.

చెప్పులు వేసుకోకుండా బండెక్కానని ఆసుపత్రిలో దిగాక తెలిసింది. ఆ డిస్కు తీసి మళ్ళీ పెట్టాను, చల్లార్చి పెట్టాను, చోటు మార్చి పెట్టాను. మొదటి డిస్కు లోపల గోరుతో గీకినట్టు టిక్కు టిక్కుమంటోంది. తొమ్మిదేళ్ళ బొమ్మలు దాని లోపల ఉన్నాయి. చేతిలో పట్టుకున్నాను, వెచ్చగా ఉంది, ఏమీ చెయ్యలేను.

పది నిమిషాల పని. శుక్రవారం పొద్దున పది నిమిషాలు.

డాక్టరు గారు లుంగీ మీదే వచ్చేశారు. కుర్చీలో కూలబడి తెర వంక చూశారు. “బ్యాకప్పు?” అన్నారు. అదీ ఇందులోనే అన్నాను. “ఎలా జరిగిందండీ ఇదీ? ముందుగా మనకి తెలియదాండీ?” అని అడిగారు. కేక వెయ్యలేదు. కేకేస్తే బాగుండేది.

లైటు వెలిగిందండీ, కాని దాని మీద బొట్టు పెట్టారు, కనబడలేదు అన్నాను.

ఆయన లేచి వెళ్ళి వంగి చూశారు. నేను గీరగా మిగిలిన ఎర్రటి మరక ఉంది. “అయ్యో” అన్నారు. నమ్మారు. నమ్మకపోవడానికేముంది, అబద్ధం కాదు కదా. మెయిళ్ళ సంగతి ఆయన అడగలేదు. అడగనిది నేనెందుకు చెప్పాలి?

నవంబరు 18, మంగళవారం

అయిదు డిస్కులూ తువ్వాల్లో చుట్టి, బస్సులో రాత్రంతా ఒళ్ళో పెట్టుకుని హైదరాబాదు తీసుకెళ్ళాను. ముత్యాలరాజు తనకి తెలిసిన చోటుకి తీసుకెళ్ళాడు. అక్కడి మనిషి మొదటి డిస్కు విప్పి, అద్దంలాంటి పళ్ళెం మీద గుండ్రటి గీత చూపించాడు. కొత్త డిస్కు నిండుతున్న గంటల్లోనే ఇది గీసుకుపోయిందన్నాడు. నేను నొక్కిన మీటే. కొన్ని చీటీల లెక్కలు రావచ్చు, పరీక్షల బొమ్మలు రావన్నాడు.

ఇంకోసారి చూడండి అన్నాను. చూశాడు.

ఇంకోసారి అన్నాను. ముత్యాలరాజు నా భుజం పట్టుకుని బయటికి తీసుకొచ్చాడు. “ముందే ఎందుకు తియ్యలేదురా” అని అడగలేదు వాడు. టీ తాగించాడు.

నవంబరు 20, గురువారం

వీరాయమ్మని పని మాన్పించలేదు. డాక్టరు గారు “తెలియక చేసేవమ్మా, ఇక మీదట మిషన్ల జోలికెళ్ళకు” అన్నారట. అంతే. కాని ఇవాళ మధ్యాహ్నం ఆవిడ తడిగుడ్డ, బకెట్టు పట్టుకుని నా గది గుమ్మంలో నిలబడింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

“బాబూ, మీరొకసారి నాతో రావాలండి. లేజరుది తుడిచేసేనండి, ఏసీలయీ తుడిచేసేను. ఇంకెక్కడన్నా మిగిలిందేమో చూసి చెప్పండి. ఏది లైటో ఏది మీటో నాకు తెలీదండి.”

“ఎందుకమ్మా ఇప్పుడు” అన్నాను.

“మరి నా చేత్తో ఎంతమంది కళ్ళు పోయేయో కదండీ” అంది.

వెళ్ళాను. గదిగదికీ వెళ్ళాను. ఆవిడ ముందు, నేను వెనక. ఆవిడ చెంగుతో కళ్ళొత్తుకుంటూ ఒక్కో మిషను ముందూ నిలబడి దణ్ణం పెట్టి, బొట్టు తుడిచేది. జనరేటరు దగ్గర ఆవిడకి కనబడని బొట్టొకటి ఉంటే నేను వేలుపెట్టి చూపించాను. “అదిగో, అక్కడ” అన్నాను. ఆ మాట అన్నది ఈ నోరే.

రేపు చెబుతాను.

నవంబరు 21, శుక్రవారం

చెప్పలేదు.

నవంబరు 22, శనివారం

డాక్టరు గారు ఊళ్ళో లేరు. ఉన్నా చెప్పేవాణ్ణి కాదేమో.

నవంబరు 24, సోమవారం

జ్ఞానమ్మ గారు ఒక్కరే వచ్చారు, తెల్లచీర, చేతిలో గొడుగు. కొత్త పరీక్ష చేశారు. డాక్టరు గారి ముందు ఇవాళ్టి బొమ్మ ఒక్కటే ఉంది. దాని చుట్టూ అంచులన్నీ నలుపు. ఆ నలుపు తొమ్మిదేళ్ళుగా ఉన్నదా, ఈ ఆర్నెల్లలో వచ్చిందా ఎవరు చెప్పాలి?

“పాతవి ఉంటే చెప్పేవాణ్ణండి టీచరు గారూ. ఇప్పుడు చీకట్లో చెయ్యి పెట్టినట్టే. ఆగుదామంటే భయంగా ఉంది. గురువారం ఆపరేషను చేసేద్దామండీ” అన్నారు డాక్టరు గారు. అంటున్నప్పుడు ఆవిడ వైపు చూడలేదు. ఆవిడ గొడుగు దగ్గరికి తీసుకుని, “ఆయ్, అలాగేనండి” అన్నారు.

లిఫ్టు పనిచెయ్యడం లేదు. మెట్లు దింపడానికి నేను చెయ్యి పట్టుకున్నాను. సగం దిగాక ఆగి, “ఎవరో ఆయా బొట్టు పెట్టిందంట గదరా. డాక్టరు గారు చెప్పేరు. ఆవిణ్ణి ఎవరూ ఏవీ అనకండి. పాపం, మంచి మనసుతోనే పెట్టి ఉంటది. నేను క్షమించేసేనని చెప్పు” అన్నారు.

అక్కడ ఇంక నా వల్ల కాలేదు. చెప్పాను. మెట్ల మీదే, ఎక్కేవాళ్ళు, దిగేవాళ్ళు మమ్మల్ని తప్పుకుంటూ పోతుండగా చెప్పాను. ముప్పై ఎనిమిది మెయిళ్ళు, ఫోల్డరు, పచ్చగా మార్చిన మీట, లోపలే ఉన్న బ్యాకప్, ఓపీ ఆపమని అడగకపోవడం. మీవైనా ముందే తీసిపెట్టగలిగేవాణ్ణి, తియ్యలేదండీ అని కూడా చెప్పాను. ఏడ్చాను కూడా. నలభై రెండేళ్ళవాణ్ణి.

ఆవిడ నా చేతిలోంచి చెయ్యి తీసుకుని, తడుముకుంటూ మెట్టు మీద కూర్చున్నారు.

“నాకెందుకు చెబుతున్నావ్? పైకెళ్ళి ఆవిడ ముందు చెప్పు. చెప్పి రా. ఇక్కడే ఉంటాను.”

వెళ్ళాను. డాక్టరు గారి గదిలో రోగి ఉన్నాడు. ఆగితే ఆగిపోతానని తెలుసు, లోపలికి వెళ్ళి వీరాయమ్మని పిలిపించండి అన్నాను. ఆవిడ చీపురు గుమ్మం బయట పెట్టి వచ్చింది. ఆవిడ వైపు తిరిగి మొత్తం చెప్పాను. డాక్టరు గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

“అయితే నా బొట్టు వల్ల కాదాండీ?” అని అడిగింది.

“కాదమ్మా. లైటు కనబడకపోయినా నాకు రోజూ ఉత్తరం వచ్చినట్టే. నేను చూడలేదు” అన్నాను.

“నా వల్ల కాదాండీ?” మళ్ళీ అడిగింది, ఈసారి డాక్టరు గారిని. నా మాట మీద ఆవిడకి నమ్మకం పోయింది.

“కాదమ్మా, నీ వల్ల కాదు” అన్నారాయన. ఆవిడ గోడకి ఆనుకుని మొహం కప్పుకుంది. ఆయన నాతో, “సాయంత్రం మాట్లాడదామండి” అన్నారు. ఏం మాట్లాడతారో తెలుసు. దానికి నేను తయారే.

కిందికి వచ్చేసరికి జ్ఞానమ్మ గారు అదే మెట్టు మీద, గొడుగు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నారు.

“చెప్పేవా?”

“చెప్పానండీ.”

“ఆవిడేవంది?”

“ఏడ్చిందండీ.”

తలూపారు. “నావి తియ్యడానికి ఎంతసేపు పట్టేదిరా?” అని అడిగారు.

అబద్ధం చెప్పొచ్చు. ఒక రోజు పట్టేదండీ అంటే ఆవిడకి ఏం తెలుస్తుంది?

“పది నిమిషాలండీ” అన్నాను.

ఆవిడ గొడుగు ఆసరా చేసుకుని లేచారు. నేను చెయ్యి అందించాను. ఆవిడ కమ్మీ వెతికి పట్టుకుని, ఒక్కో మెట్టూ పాదంతో తడిమి చూసుకుంటూ, ఒక్కరే దిగి వెళ్ళిపోయారు.